కొంతకాలం ఒక బిడ్డకు ఇల్లు కావడం: ఫోస్టర్ కేర్‌పై బెంగళూరు పాఠకుల ప్రశ్నలు

దత్తత నియమాల గురించి ఈ శీర్షికలో రాసినప్పటి నుంచి బెంగళూరులోని తెలుగు కుటుంబాల నుంచి ఫోస్టర్ కేర్ గురించి, అంటే కన్నవారు చూసుకోలేని బిడ్డను కొంతకాలం తమ ఇంట్లో పెంచడం గురించి, అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. దత్తత కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడలేమని, ఈలోగా ఒక బిడ్డను తెచ్చుకుని సాకే దారి ఉందా అని కొందరు అడిగారు. సొంత పిల్లలున్నా మరో బిడ్డకు నీడనివ్వాలని ఉందని ఇంకొందరు రాశారు. ఇప్పటికే ఒక బిడ్డను పెంచుతూ అలసిపోయి రాసిన వారూ ఉన్నారు. ఎవరి వివరాలూ బయటపడకుండా కొద్దిగా మార్చి, వాటిలో కొన్నిటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము మారతహళ్ళిలో ఉంటాము. నాకు 41 ఏళ్ళు, నా భార్యకు 38. ఇద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నాము. మాకు ఎనిమిదేళ్ళ పాప ఉంది. ఫోస్టర్ కేర్ ద్వారా ఒక బిడ్డను పెంచాలనుకుంటున్నాము. దత్తతకూ దీనికీ తేడా ఏమిటి? ఎక్కడ మొదలుపెట్టాలి? మమ్మల్ని ఎలా పరిశీలిస్తారు?

జవాబు: దత్తత పూర్తయితే ఆ బిడ్డ చట్టం దృష్టిలో అన్ని విధాలా మీ బిడ్డ అవుతుంది. ఫోస్టర్ కేర్‌లో అలా కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ కింద, పిల్లల సంరక్షణపై నిర్ణయాలు తీసుకునే బాలల సంక్షేమ సమితి ఇచ్చే ఉత్తర్వుతో బిడ్డ మీ ఇంటికి వస్తుంది. రోజువారీ ఆలనాపాలనా, చదువు, ఆరోగ్యం, పోషణ మీ బాధ్యత. కానీ కన్నవారితో ఆ బిడ్డకున్న బంధం తెగదు. తల్లి దీర్ఘకాలం చికిత్సలో ఉండవచ్చు, తండ్రి జైల్లో ఉండవచ్చు, లేదా బిడ్డను చూసుకునే స్థితిలో వారు లేరని సమితి తేల్చి ఉండవచ్చు. పరిస్థితి చక్కబడితే బిడ్డ వారి దగ్గరికే తిరిగి వెళుతుంది. ఏడాది లోపు ఉండేదాన్ని స్వల్పకాలిక సంరక్షణ అనీ, అంతకు మించితే దీర్ఘకాలిక సంరక్షణ అనీ అంటారు.

ఈ విషయంలో మీ ఇద్దరి మధ్యా ముందే స్పష్టత ఉండాలి. ఎప్పటికీ మీదే అయ్యే బిడ్డ కావాలన్నది మీ లోపలి కోరిక అయితే దత్తతకే దరఖాస్తు చేయండి. ఆ కోరికలో తప్పేమీ లేదు. దాన్ని మనసులో దాచుకుని ఫోస్టర్ కేర్‌లోకి వస్తే మాత్రం, తన అమ్మ ఎప్పుడొస్తుందని బిడ్డ అడిగిన ప్రతిసారీ మీ మనసు కలుక్కుమంటుంది, అది బిడ్డకు తెలిసిపోతుంది కూడా.

ఇక అర్హతల సంగతి. 2024లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ సవరించిన మార్గదర్శకాల ప్రకారం దంపతులు కనీసం రెండేళ్ళుగా స్థిరమైన వైవాహిక జీవితం గడుపుతూ ఉండాలి, ఇద్దరి వయసులూ కలిపితే కనీసం 70 ఉండాలి. మీవి కలిపితే 79, కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఫోస్టర్ కేర్‌కు ఇచ్చేది ముఖ్యంగా ఆరేళ్ళు దాటిన పిల్లలను. పసిపాపను ఎత్తుకుని రావాలన్న ఊహ ఉంటే దాన్ని పక్కన పెట్టండి. కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే కారా, వెబ్‌సైటులో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని పత్రాలు ఎక్కించవచ్చు. వాటిని మీ జిల్లా బాలల రక్షణ యూనిట్ పరిశీలిస్తుంది. మారతహళ్ళి బెంగళూరు నగర జిల్లాలోకి వస్తుంది కనుక ఆ జిల్లా యూనిట్‌కు ఒకసారి నేరుగా వెళ్ళి మాట్లాడి రావడం మంచిది. ఫారం నింపడం కంటే అక్కడి సామాజిక కార్యకర్తతో గంటసేపు కూర్చుని మాట్లాడితేనే మీకు ఎక్కువ విషయాలు తెలుస్తాయి.

ఆ తర్వాత యూనిట్ వారు గృహ అధ్యయనానికి, అంటే మీ ఇంటినీ కుటుంబాన్నీ పరిశీలించడానికి, వస్తారు. దీని పేరు వినగానే చాలామంది సొంత ఇల్లు లేదని, హాలు చిన్నదని కంగారు పడతారు. చూసేది ఇంటి విలువను కాదు, బిడ్డకు సరిపడా చోటూ కనీస సదుపాయాలూ ఉన్నాయా అని. అద్దె ఇల్లు అడ్డంకి కాదు. ఇంట్లో ఉండే ప్రతి ఒక్కరి వైద్య నివేదికలూ అడుగుతారు. అందులో క్షయ, హెచ్ఐవి, హెపటైటిస్ బి పరీక్షలు ఉంటాయి. ఎవరిపైనా నేరం రుజువై ఉండకూడదు. భార్యాభర్తలిద్దరికీ ఇష్టమేనా అని విడివిడిగా అడగవచ్చు, చుట్టుపక్కల వారితో మీ సంబంధాలు ఎలా ఉన్నాయో కూడా తెలుసుకుంటారు. మీ ఇద్దరూ ఉద్యోగస్తులు కనుక అసలు ప్రశ్న ఇక్కడ వస్తుంది: మధ్యాహ్నం మూడున్నరకు స్కూలు బస్సు దిగిన బిడ్డకు తలుపు తీసేది ఎవరు? ఔటర్ రింగ్ రోడ్డు మీద మీరు ఇరుక్కుపోయిన సాయంత్రం ఎవరుంటారు? పనిమనిషి ఉందని చెప్పడం సరిపోదు. కనీసం మొదటి కొన్ని నెలలు మీలో ఒకరు ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటు చేసుకుని, ఆ సంగతి వారికి చెప్పండి.

మీ పాపతో కూడా వారు మాట్లాడతారు, అంతకంటే ముందు మీరు మాట్లాడాలి. తన గది, తన బొమ్మలు, మీ సమయం పంచుకోవలసి వస్తుందని దాచకుండా చెప్పండి. వచ్చే బిడ్డ తన కంటే చిన్నదైతే ఇంట్లో పెద్దపిల్ల స్థానం తనకే ఉంటుంది కాబట్టి సర్దుకోవడం కొంత సులువు. ఇది చట్టంలో ఉన్న మాట కాదు, కుటుంబాలను చూసి నేను చెబుతున్న మాట. తోబుట్టువులను వీలైనంత వరకు విడదీయకూడదని చట్టం చెబుతుంది కనుక, అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ కలిసి వస్తే సిద్ధమా అని మిమ్మల్ని అడగవచ్చు. దానికి మొహమాటంతో ఒప్పుకోవద్దు. ఒక బిడ్డనే చూసుకోగలమని నిజాయితీగా చెప్పిన కుటుంబాన్ని ఎవరూ తక్కువగా చూడరు. బిడ్డ అభిప్రాయం కూడా తీసుకున్న తర్వాతే సమితి ఉత్తర్వు ఇస్తుంది, మీరు హామీపత్రం రాసిస్తారు. అక్కడి నుంచి నెలకోసారి పర్యవేక్షణ ఉండాలని చట్టం చెబుతోంది. ఎప్పుడైనా నెల గడిచినా ఎవరూ రాకపోతే ఊరుకోకుండా మీరే ఫోన్ చేసి పిలిపించుకోండి. ఆ సందర్శనలు మిమ్మల్ని తప్పు పట్టడానికని అనుకునే కుటుంబాలు కష్టాన్ని చెప్పుకోవడంలో ఆలస్యం చేస్తాయి.

ప్రశ్న: నేను జయనగర్‌లో ఉంటాను, ఉపాధ్యాయురాలిని, వయసు 44. విడాకులు తీసుకున్నాను. ఒంటరి స్త్రీకి ఫోస్టర్ కేర్‌లో బిడ్డను ఇస్తారా?

జవాబు: ఇస్తారు. పెళ్ళి కాని వారు, భర్త లేదా భార్యను కోల్పోయిన వారు, విడాకులు పొందిన వారు, చట్టప్రకారం విడిగా ఉంటున్నవారు కూడా 35 నుంచి 60 ఏళ్ళ లోపు ఉంటే దరఖాస్తు చేయవచ్చని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒంటరి స్త్రీకి ఆడపిల్లనైనా మగపిల్లవాణ్ణయినా ఇవ్వవచ్చు. ఒంటరి పురుషుడికి మగపిల్లలను మాత్రమే ఇస్తారు. మీకు జ్వరం వచ్చిన రోజున బిడ్డను ఎవరు చూస్తారన్న ప్రశ్నకు మీ దగ్గర ఒక పేరు, ఒక ఫోన్ నంబరు సిద్ధంగా ఉండాలి. అక్క కావచ్చు, పక్కింటి ఆవిడ కావచ్చు, ఆమెను గృహ అధ్యయనం నాడు ఇంటికి పిలిచి పరిచయం చేయండి.

ప్రశ్న: మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఎవరి బిడ్డో, ఏ కులమో తెలియకుండా ఇంట్లో పెట్టుకుంటే రేపు ఆస్తిలో వాటా అడుగుతాడని అంటున్నారు. ఆవిడకు ఏమని చెప్పాలి? (బసవనగుడి)

జవాబు: ఆస్తి సంగతి చట్టపరమైనది, దానికి సూటి సమాధానం ఉంది. ఫోస్టర్ కేర్ వల్ల బిడ్డకు మీ ఆస్తిలో వారసత్వ హక్కు దానంతట అదే రాదు. మీరు ఇష్టపడి వీలునామా రాస్తే అది వేరే విషయం. ఈ మాట అత్తయ్యగారికి మీరు చెప్పడం కంటే, బాలల రక్షణ యూనిట్ వారు ఇంటికి వచ్చినప్పుడు వారి నోట వినిపిస్తే ఆవిడ నమ్ముతారు.

కులం గురించి ఆవిడ అడిగినది మాత్రం సమాధానపరిచి సర్దేయవలసిన ప్రశ్న కాదు. పెద్దావిడ అలా మాట్లాడటంలో ద్వేషం కంటే భయమే ఎక్కువ ఉండవచ్చు, నేను కాదనను. అయినా ఆ ఇంట్లో ఒక బిడ్డకు వేరే కంచం, వేరే గ్లాసు, వంటింటి గడప దగ్గర ఆగిపోవడం వంటివి ఉండబోతున్నాయంటే ఆ బిడ్డ అక్కడికి రాకపోవడమే మేలు. అప్పటికే ఒక ఇల్లు పోగొట్టుకున్న బిడ్డ ఈ తేడాను మొదటి పూటలోనే కనిపెడుతుంది. అందువల్ల దరఖాస్తు చేసే ముందే మీరూ మీ వారూ కూర్చుని ఆవిడతో మాట్లాడండి. ఆవిడ మెత్తబడితే మంచిది. మెత్తబడకపోతే, ఆవిడ మీతోనే ఉంటున్నారు కనుక, ప్రస్తుతానికి ఈ ఆలోచన వాయిదా వేయండి. గృహ అధ్యయనానికి వచ్చిన వారి ముందు అందరం ఒక్కటేనని నటించి నెట్టుకురావచ్చని మాత్రం అనుకోవద్దు. మీరు సాయం చేయాలనుకుంటే, ఫోస్టర్ కుటుంబాలకు శనివారాల్లో పిల్లల చదువులో తోడుండటం వంటి పనులు ఎన్నో ఉన్నాయి. వాటిని చూస్తూ చూస్తూ మనసు మారిన పెద్దవాళ్ళు ఉన్నారు.

ప్రశ్న: మా ఇంట్లో ఏడేళ్ళ బాబు ఫోస్టర్ కేర్‌లో ఉంటున్నాడు. రాత్రి భోజనంలో చపాతీ ముక్కలు, ఒక్కోసారి అన్నం ముద్ద కూడా ప్లాస్టిక్ కవర్లో చుట్టి దిండు కింద దాస్తున్నాడు. వాళ్ళ అమ్మ నెలకోసారి వచ్చి చూసి వెళుతుంది. ఆమె వెళ్ళాక రెండు మూడు రోజులు పక్క తడుపుతాడు, నాతో మాట్లాడడు. ఆమె రాకపోతేనే వాడికి మంచిదేమో అనిపిస్తోంది. నేను ఎక్కడైనా పొరపాటు చేస్తున్నానా? (బొమ్మనహళ్ళి)

జవాబు: లేదమ్మా, మీరు పొరపాటు చేయడం లేదు. మీరు రాసిన రెండు విషయాలూ ఇలాంటి పిల్లల్లో తరచుగా కనిపించేవే. విడివిడిగా చూద్దాం.

తిండి దాచడం దొంగతనం కాదు. రేపు అన్నం దొరుకుతుందన్న నమ్మకం ఒకప్పుడు పోయిన బిడ్డ, కడుపు నిండి ఉన్నా రేపటి కోసం దాస్తాడు. ఇక ఆకలి లేదు కదా అని మనం నచ్చజెప్పినంత మాత్రాన ఆ భయం పోదు. మూతున్న ఒక చిన్న డబ్బా కొని, దాని మీద వాడి పేరు రాసి, వాడి మంచం పక్కనే పెట్టండి. అందులో పాడు కానివి పెట్టండి: వేరుశనగ ఉండలు, బిస్కెట్లు, మరమరాలు. ప్రతి రాత్రి వాడు చూస్తుండగా ఖాళీ అయినంత నింపండి. ఎంత తిన్నావని అడగవద్దు, తినలేదేమని కూడా అడగవద్దు. అది వాడిది, అంతే. దిండు కింద పాచిపోయిన ముద్ద కనిపిస్తే వాడు లేనప్పుడు తీసివేయండి, చీమలు పట్టాయని నలుగురిలో అనవద్దు, చుట్టాలకు కథగా చెప్పవద్దు. రేపు పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం డబ్బాలో పులిహోర అని పడుకునే ముందు చెప్పే అలవాటు చేసుకోండి. కొన్ని వారాలో, నెలలో గడిచాక డబ్బా నిండుగానే మిగలడం మొదలవుతుంది. అప్పుడు కూడా దాన్ని తీసివేయకండి, వాడే మరిచిపోయేదాకా ఉండనివ్వండి.

పక్క తడపడానికి ముందు పిల్లల వైద్యుడికి చూపించి మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోండి. ఆ తర్వాత పరుపు మీద రబ్బరు షీటు, పక్కన ఒక పొడి దుప్పటి, ఒక నిక్కరు. రాత్రి లైటు పెద్దగా వేయకుండా మార్చి పడుకోబెట్టండి, పొద్దున్నే ఆ ప్రసక్తి ఎత్తకండి.

ఇక వాళ్ళ అమ్మ రావడం గురించి. సమితి వద్దన్నప్పుడు తప్ప కన్నవారు వచ్చి చూసే వీలును చట్టమే కల్పించింది, ఎందుకంటే వాళ్ళు కోలుకున్నాక బిడ్డ తిరిగి వెళ్ళాలన్నదే అసలు ఉద్దేశం. ఆమె వెళ్ళాక వాడు మూగబోవడం ఆమె చెడ్డదని చెప్పే సాక్ష్యం కాదు. నెలకోసారి అమ్మను వదులుకోవలసి వచ్చిన బిడ్డ ఇంకెలా ఉంటాడు? అసలేమీ జరగనట్టు ఉంటేనే నేను ఎక్కువ దిగులు పడేదాన్ని. మీతో మాట్లాడకపోవడానికి కూడా కారణం ఉంది. మీ దగ్గర సంతోషంగా ఉంటే అమ్మకు ద్రోహం చేసినట్టు అవుతుందేమోనని పిల్లలు నిజంగానే అనుకుంటారు. అందుకే ఆమె గురించి మీరు మంచిగా మాట్లాడటం వాడికి అవసరం. గోడ మీద క్యాలెండర్‌లో ఆమె వచ్చే తేదీకి వాడి చేతనే గుర్తు పెట్టించండి. ఆ సాయంత్రం ట్యూషన్ పెట్టకండి. ఆమె ఫోటో ఉంటే వాడి దగ్గరే ఉండనివ్వండి. మిమ్మల్ని అమ్మా అని పిలవమని వాడిని ఎవరూ బలవంతం చేయకూడదు. పిన్ని అన్నా, అత్తా అన్నా, ఆంటీ అన్నా సరే, వాడి నోటికి ఏది వస్తే అది పిలవనివ్వండి.

ఆమె తాగి వచ్చినా, వాడిని భయపెట్టినా, ఎత్తుకుపోతానని బెదిరించినా మాత్రం తేదీ వేసి, ఏం జరిగింది, ఆ తర్వాత వాడు ఎలా ఉన్నాడు అని ఒక నోటుబుక్కులో రాసి, బాలల రక్షణ యూనిట్‌కు ఇవ్వండి. కలయికలు ఎక్కడ జరగాలి, ఎవరి సమక్షంలో జరగాలి అన్నది సమితి మారుస్తుంది. తలుపు మూసే నిర్ణయం మీరు తీసుకోవద్దు.

మీరు బెంగళూరులో ఉండటం ఒక అదృష్టం. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగం ఉంది. కష్ట పరిస్థితుల్లో ఉన్న పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ సహకారంతో నడిచే సంవాద్ కార్యక్రమం కూడా అక్కడే ఉంది. వాడికి చూపించాలని ఉందని మీ సామాజిక కార్యకర్తకు చెప్పి, రిఫరల్ లేఖతో వెళ్ళండి. వాడి సంగతితో పాటు మీ నిద్ర, మీ ఏడుపు సంగతి కూడా ఎవరితోనైనా చెప్పుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడేవారు కావాలని అడగండి. మీ జిల్లాలో ఉన్న ఇతర ఫోస్టర్ తల్లులతో కలపమని కూడా యూనిట్‌ను అడగండి. దిండు కింద చపాతీ చూసిన మరొక తల్లి ఇచ్చే ధైర్యం నా ఉత్తరం ఇవ్వలేదు.

ప్రశ్న: పాప మా దగ్గరికి వచ్చాక జరిపిన మొదటి పుట్టినరోజు ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దు. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫోటో, స్కూలు, గుర్తుపట్టడానికి వీలైన ఏ వివరమూ ప్రచారం చేయకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫోటోలు తీయండి, ప్రింటు వేయించి పాపకు ఒక ఆల్బమ్ చేసి ఇవ్వండి. రేపు ఎక్కడికి వెళ్ళినా తన బాల్యం తన వెంట ఉంటుంది.

ప్రశ్న: ఫోస్టర్ కుటుంబానికి ప్రభుత్వం ఎంత ఇస్తుంది? బెంగళూరు ఖర్చులకు అది సరిపోతుందా? (వైట్‌ఫీల్డ్)

జవాబు: మిషన్ వాత్సల్య పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు జిల్లా బాలల రక్షణ యూనిట్ ద్వారా అందుతాయి. ఈ నగరంలో అది సరిపోదు. స్కూలు వ్యాను, యూనిఫాం, పళ్ళ డాక్టరు కలిస్తేనే అయిపోతుంది. ఆ మొత్తం బిడ్డ కోసం ఇచ్చే తోడ్పాటు, మీకు జీతం కాదు. అది రాకపోయినా రెండు మూడు నెలలు నడపగలిగే స్థోమత ఉంటేనే ముందుకు రండి, ఎందుకంటే ప్రభుత్వ సొమ్ము ప్రతి నెలా ఒకే తేదీకి పడుతుందని లెక్క వేసుకోకూడదు. ఆలస్యమైతే మాటతో కాక కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

డబ్బు కాని సాయం గురించి జనానికి తక్కువ తెలుసు. సమితి ఉత్తర్వు నకలు ఒకటి మీ దగ్గర ఉంటే చాలా తలుపులు తెరుచుకుంటాయి. పుట్టిన తేదీ పత్రం లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం చెబుతుంది. బడి మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి. ఫోస్టర్ తల్లిదండ్రుల కోసం శిక్షణా తరగతులు పెట్టినప్పుడు ఇద్దరూ వెళ్ళండి. మగవాళ్ళు వీటికి రావడం లేదన్నది నాకు ఎప్పుడూ ఉన్న బాధ.

ప్రశ్న: మా వీధి చివర పూలు అమ్మే అవ్వది కదిరి ప్రాంతం. కూతురూ అల్లుడూ చనిపోయాక ఇద్దరు మనవరాళ్ళను ఆమే సాకుతోంది. ఆమెకు ఫోస్టర్ కేర్ కింద సహాయం వస్తుందా? పిల్లలను హాస్టల్లో వేయమని అందరూ చెబుతున్నారు. (కె.ఆర్.పురం)

జవాబు: ఆ పిల్లలను హాస్టల్లో వేయవలసిన పని లేదు. సొంత అవ్వ దగ్గర ఉన్నారు, అంతకు మించిన చోటు వారికి లేదు. ఆమె అడగవలసింది స్పాన్సర్‌షిప్, అంటే పిల్లలు సొంతవారి దగ్గరే పెరగడానికి ఇచ్చే ఆర్థిక సహాయం. బాలల న్యాయ చట్టం 45వ సెక్షన్‌లో, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలను ఈ సహాయానికి అర్హులుగా స్పష్టంగా చెప్పారు. మిషన్ వాత్సల్య కింద ఇది కూడా ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలే. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర ప్రాంతాల్లో 96,000 రూపాయలకు మించకూడదు.

ఆమెకు అడ్డుపడేది అర్హత కాదు, కాగితాలు. తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, పిల్లల ఆధార్, బడి నుంచి చదువుతున్నట్టు ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఆదాయ ధ్రువపత్రం కర్ణాటకలో నాడకచేరిలో, అంటే స్థానిక రెవెన్యూ కార్యాలయంలో, ఇస్తారు. రేషన్ కార్డు ఇంకా ఆంధ్రలోనే ఉందని, మరణ ధ్రువపత్రాలు ఊళ్ళో ఉన్నాయని ఇలాంటి కుటుంబాలు ఆగిపోతాయి. పిల్లలు ఇప్పుడు ఉంటున్నది, చదువుతున్నది బెంగళూరులో కనుక ఇక్కడి యూనిట్‌లోనే అడగాలి. మీరు ఒక పూట సెలవు పెట్టి ఆవిడతో పాటు వెళ్ళండి, కన్నడలో ఫారం నింపిపెట్టండి. అవ్వ ఒక్కతే వెళితే ఏదో ఒక కాగితం లేదని కౌంటరు దగ్గరే తిప్పి పంపేయవచ్చు, మీరు పక్కన ఉంటే ఏ కాగితం కావాలో రాయించుకుని రాగలరు. సహాయం మొదలయ్యాక పిల్లలు బడికి క్రమంగా వెళుతున్నారా అని చూస్తారు, పండగకు ఊరెళ్ళి నెలల తరబడి ఉండిపోకుండా ఆమెకు చెప్పండి. ఇంకొక మాట. ఆవిడ పెద్దది. తనకేమైనా అయితే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో ఇప్పుడే ఆలోచించి, ఆ మేనమామో పెదనాన్నో ఎవరైతే వారి పేరు యూనిట్ వారి ఫైలులో రాయించమనండి.

ప్రశ్న: సర్జాపుర రోడ్డులో మా అపార్ట్‌మెంట్ పక్కన కట్టడం జరుగుతోంది. అనంతపురం వైపు నుంచి వచ్చిన కూలీలు పని వదిలి వెళ్ళిపోతూ ఐదేళ్ళ పాపను వదిలేశారు. తల్లి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మేస్త్రీ పాపను మా ఇంటికి తెచ్చాడు. నాలుగు రోజులుగా మా దగ్గరే ఉంది. తనను మేమే పెంచుకోవచ్చా?

జవాబు: ఈ పత్రిక మీ చేతికి అందేలోగా మీకు విడిగా ఫోన్ చేయించాము. అయినా ఇలాంటి పరిస్థితి మరొకరికి రావచ్చు కనుక ఇక్కడ రాస్తున్నాను. మీరు పాపకు అన్నం పెట్టి, స్నానం చేయించి, భద్రంగా ఉంచారు. దానికి ఎవరైనా చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఆ సమాచారం 24 గంటల్లోగా పోలీసులకో, పిల్లల సహాయవాణి 1098కో, బాలల సంక్షేమ సమితికో చేరి తీరాలి. బిడ్డను కూడా ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా సమితి ముందు హాజరుపరచాలి. దొరికిన బిడ్డను ఎవరికీ చెప్పకుండా పెంచుకోవడం, మేస్త్రీ చేతుల మీదుగా రాతకోతలు చేసుకోవడం నేరం కింద వస్తాయి. ఈ పద్ధతిని తప్పించి దత్తత పేరుతో అనాథ బిడ్డను ఇచ్చినా తీసుకున్నా మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా పడే వీలుంది.

శిక్ష భయం కంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఆ పాపను తల్లి వదిలేసిందని ఎవరు చెప్పారు? మేస్త్రీ చెప్పాడు. ఆమె ఆసుపత్రిలో ఉండవచ్చు, మరో సైటుకు తరలించి ఉండవచ్చు, పాప కోసం కదిరిలోనో ధర్మవరంలోనో బస్టాండ్లలో తిరుగుతూ ఉండవచ్చు. సమితి విచారణలో అది తేలాలి. పాప సొంత ఊరు తెలిస్తే ఇక్కడి సమితి ఆ జిల్లా సమితికి పాపను పంపే ఏర్పాటు చేస్తుంది. ఫోస్టర్ కేర్‌కు మీరు నమోదు చేసుకోవచ్చు, కానీ ఈ పాపే మీకు రావాలని అడగడానికి వీల్లేదు. మీరు చేయగల గొప్ప సాయం ఒకటుంది. పాపకు తెలుగు తప్ప మరో భాష రాదని రాశారు. సమితి ముందు, ఆ తర్వాత ఉంచే గృహంలో, తన మాట అర్థమయ్యేవారు తక్కువ. పాప మీతో చెప్పిన ఊరి పేరు, గుడి పేరు, మేనమామ పేరు, బడి పక్కన చింతచెట్టు, ఏది చెప్పినా అదే మాటల్లో రాసి ఇవ్వండి. దుబాసీ కావాలంటే వస్తామని సమితికి చెప్పండి. ఇల్లు వెతకడానికి అంతకంటే పనికొచ్చేది లేదు.

ప్రశ్న: మా దగ్గర పదేళ్ళ బాబు ఉంటున్నాడు. వచ్చే నెలతో రెండేళ్ళు నిండుతాయి. రెండేళ్ళయితే దత్తత తీసుకోవచ్చని విన్నాము. వాడితో చెప్పేద్దామా?

జవాబు: ఇంకా చెప్పకండి. ఇంతకు ముందు అయిదేళ్ళున్న గడువును రెండేళ్ళకు తగ్గించిన మాట నిజమే. అయితే రెండేళ్ళు నిండినంత మాత్రాన ఏ బిడ్డా దత్తతకు సిద్ధమైపోడు. ఆ బిడ్డ దత్తతకు చట్టపరంగా అర్హుడని సమితి ప్రకటించి ఉండాలి. తల్లి గానీ తండ్రి గానీ ఉండి, బిడ్డను వదులుకోకుండా ఉంటే ఆ ప్రకటన రాదు, అప్పుడు మీరు ఫోస్టర్ తల్లిదండ్రులుగానే కొనసాగుతారు. వాడి తండ్రి బళ్ళారి జైల్లో ఉన్నాడని, ఉత్తరాలు రాస్తాడని మీరే రాశారు. అంటే మీరు ముందుగా తేల్చుకోవలసింది అదే.

వాడి చట్టపరమైన స్థితి ఏమిటో తెలపమని జిల్లా బాలల రక్షణ యూనిట్‌కు ఈ వారమే లిఖితపూర్వకంగా అడగండి. అర్హుడని తేలితే కారా పద్ధతిలో దరఖాస్తు నడుస్తుంది, వాడి సమ్మతి కూడా తీసుకుంటారు, 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వును కోర్టు కాక జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. అర్హుడు కాదని తేలితే, ఉత్తర్వు గడువును పొడిగించమని అదే లేఖలో కోరండి, ఎందుకంటే గడువు తీరిన ఉత్తర్వుతో బిడ్డను ఉంచుకోవడం మీకూ వాడికీ చిక్కే. ఈలోగా నేను ఎప్పుడు వెళ్ళాలి అని వాడు అడిగితే, పదో తరగతి దాకా ఇక్కడే అని గానీ, ఎప్పటికీ ఇక్కడే అని గానీ మాట ఇవ్వకండి. ఈ ఏడాది ఈ బడిలోనే చదువుతావు, ఏదైనా మారితే నీకే ముందు చెబుతాము అని చెప్పండి. మీరు నిలబెట్టుకోగలిగిన మాట అదొక్కటే.